ఇల్లు వచ్చింది సరే, ఊరు ఎదిగిందా?
విడీ ఘర్కుల్ పిల్లలు తెలుసుకోవాల్సిన యూరప్ లెక్క

పొద్దున్నే విడీ ఘర్కుల్‌లో ఏ సందులోకి వెళ్లినా ఒకే దృశ్యం. గడప దగ్గర అమ్మ కూర్చుని ఉంటుంది. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, పక్కన దారం ఉండ. లోపల అమ్మమ్మ కూడా అదే పనిలో ఉంటుంది. నాన్న పవర్‌లూమ్ కార్ఖానాకు బయలుదేరుతుంటే, ఆ ఇంటి పిల్ల సంచి తగిలించుకుని తెలుగు బడికి పరుగెడుతుంది.

'విడీ' అంటే మరాఠీలో బీడీ. 'ఘర్కుల్' అంటే చిన్న ఇల్లు. పేరులోనే మన పేట చరిత్ర ఉంది. బీడీలు చుట్టే చేతులకు ప్రభుత్వ సాయంతో సొంత ఇల్లు దొరకడం చిన్న విషయం కాదు. అయితే బడిలో ఒక ప్రశ్న వేసుకుందాం. వెనకబడిన చోటికి ప్రభుత్వం డబ్బు పంపితే ఆ చోటు నిజంగా ఎదుగుతుందా? లేక డబ్బు ఉన్నంతకాలమే వెలుగా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కువగా లెక్కలు వేసిన వాళ్లు యూరప్ వాళ్లు. వాళ్లకు దొరికిన జవాబులో మన బడికి నేరుగా సంబంధించిన మాట ఒకటి ఉంది.

యూరప్ ఏం చేసింది?

యూరప్ అంతా ధనిక ప్రాంతం అనుకుంటాం. అది నిజం కాదు. ఇటలీలో ఉత్తరం ఒకలా, దక్షిణం మరోలా ఉంటుంది. గ్రీస్, పోర్చుగల్, పోలండ్‌లలో కూలికోసం పరాయి దేశాలకు వలసపోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఈ తేడాలు తగ్గించడానికి 1975లో యూరప్ ప్రాంతీయ అభివృద్ధి నిధి ఏర్పాటైంది. 1988లో పద్ధతులు మార్చి, నిధులు బాగా పెంచారు. నేడు యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు ఈ పనికే వెళుతుంది. 2021 నుంచి 2027 వరకు కేటాయించినది సుమారు 39,200 కోట్ల యూరోలు.

ఎవరికి ఇవ్వాలన్న దానికి ఒక గీత గీశారు. ఒక ప్రాంతంలో తలసరి ఆదాయం యూరప్ సగటులో 75 శాతం కంటే తక్కువ ఉంటే ఎక్కువ సాయం, గీత దాటితే తక్కువ సాయం.

35 మార్కుల లెక్క

సాయం పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? సాయం పొందిన ప్రాంతం ఎదిగితే అది సాయం వల్లే అని చెప్పలేం. సాయం లేకున్నా ఎదిగి ఉండేదేమో!

పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. పరీక్షలో పాసు మార్కు 35 అనుకోండి. 34 వచ్చిన పిల్లవాడికీ 36 వచ్చిన పిల్లవాడికీ తెలివిలో పెద్ద తేడా ఉండదు. కానీ ఒకరు ఫెయిల్, ఒకరు పాస్. ఫెయిలైన వాడికి మాత్రమే ప్రత్యేక తరగతులు పెట్టి, ఏడాది తర్వాత ఇద్దరినీ పోల్చితే ఆ తరగతుల ఫలితం ఎంతో తేలిపోతుంది. అలాగే 74 శాతం దగ్గర ఉండి సాయం పొందిన ప్రాంతాన్ని, 76 శాతం దగ్గర ఉండి పొందని ప్రాంతాన్ని పోల్చారు.

సాషా బెకర్, పీటర్ ఎగ్గర్, మాక్సిమిలియన్ ఫాన్ ఎర్లిష్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2010లో ఈ పద్ధతిలో లెక్క చెప్పారు. సాయం పొందిన ప్రాంతాల్లో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 1.6 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగింది. ఉద్యోగాల్లో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు.

2013లో వాళ్లే ఇంకో అడుగు ముందుకు వేశారు. సాయం పొందిన ప్రాంతాలన్నీ సమానంగా లాభపడ్డాయా? లేదు. సుమారు 30 శాతం ప్రాంతాలే ఆ డబ్బును వేగమైన ఎదుగుదలగా మార్చుకున్నాయి. అవి ఎలాంటివి? చదువుకున్న జనం తగినంతగా ఉన్నవి, పాలన సవ్యంగా ఉన్నవి. నీళ్లు అందరి పొలాలకూ వదిలారు, విత్తనం ఉన్న పొలమే పండింది.

రోడ్డా? బడా?

అంతకు ముందే, 2004లో, ఆండ్రెస్ రోడ్రిగెజ్ పోసే, ఉగో ఫ్రాటేసి మరో కోణంలో చూశారు. నిధులను దేనిమీద ఖర్చు పెట్టారన్నది వాళ్ల ప్రశ్న. వెనకబడిన ప్రాంతాల్లో ఎక్కువ డబ్బు రోడ్లు, కట్టడాల మీద, ఆ తర్వాత వ్యాపారాలకు సాయంగా వెళ్లింది. వాటి ఫలితం గట్టిగా కనిపించలేదు. వ్యవసాయానికి ఇచ్చిన సాయం కొద్దికాలమే పనిచేసింది. మధ్యకాలంలో నిలిచిన మంచి ఫలితం ఇచ్చింది ఒక్కటే: చదువు, నైపుణ్యం మీద పెట్టిన ఖర్చు.

రోడ్లు వద్దని దీని అర్థం కాదు. రోడ్డు వస్తే బయటి సరుకు లోపలికి రావడమూ సులువవుతుంది, లోపలి మనిషి బయటికి పోవడమూ సులువవుతుంది. ఆ రోడ్డు మీద పంపడానికి మన దగ్గర సరుకు, నైపుణ్యం ఉండాలి.

దక్షిణ ఇటలీ ఇందుకు పాత ఉదాహరణ. 1950లో అక్కడి అభివృద్ధికి ప్రత్యేక నిధి పెట్టారు. భారీ ఫ్యాక్టరీలు కట్టారు. చుట్టుపక్కల జనానికి వాటితో పెద్దగా సంబంధం ఏర్పడలేదు. ఇటలీ వాళ్లే వాటిని 'ఎడారిలో కట్టిన చర్చిలు' అని ఎగతాళి చేశారు. ఐర్లండ్ కథ వేరు. 1967 నుంచి అక్కడ హైస్కూలు చదువు ఉచితం చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత యూరప్ నిధులు భారీగా వచ్చేనాటికి చదువుకున్న తరం సిద్ధంగా ఉంది. తక్కువ పన్నులతో విదేశీ కంపెనీలనూ పిలిచారు. ఒకప్పుడు యూరప్ సగటుకు చాలా కింద ఉన్న దేశం 2000 నాటికి సగటును దాటింది.

సాయం ఆగిపోతే ఏమవుతుంది? ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతానికి 1990లలో ప్రత్యేక సాయం ఆగింది. తర్వాత దాని ఎదుగుదల మందగించిందని పరిశోధకులు తేల్చారు. సాయం ఉన్నన్నాళ్లు సొంత కాళ్లు బలపడకపోతే జరిగేది అదే.

ఇక మన సోలాపూర్

మన తాతముత్తాతలు నిజాం పాలనలోని తెలంగాణ పల్లెల నుంచి మగ్గం విద్యతో ఇక్కడికి వచ్చారు. 1870లలో మొదటి పెద్ద బట్టల మిల్లు వచ్చాక ఊరు పెరిగింది. 'జునీ మిల్' అని అందరూ పిలిచిన ఆ మిల్లు 1960లలో మూతపడింది. తర్వాతి దశాబ్దాల్లో మిగతా పెద్ద మిల్లులూ ఒక్కొక్కటిగా ఆగాయి. చేమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. సోలాపూర్ చద్దర్, టవల్ దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మగవాళ్లు మగ్గం దగ్గర, ఆడవాళ్లు బీడీ చేట దగ్గర: రెండు పనులు కలిస్తేనే ఇల్లు గడిచింది.

ఇళ్ల కోసం కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాటానికి ముందు నిలిచిన తెలుగువాడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం. ఆడం మాస్తర్ అంటే సోలాపూర్‌లో తెలియనివారు తక్కువ. కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల ఇళ్ల కాలనీ కట్టారు. 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ ఇళ్లను మహిళా బీడీ కార్మికులకు అప్పగించారు. తర్వాత రే నగర్‌లో 30 వేల ఇళ్ల పథకం వచ్చింది. 2019 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న 15 వేల ఇళ్లు అప్పగించారు.

ఇంత పెద్ద ఎత్తున కార్మికులకు ఇళ్లు రావడం దేశంలోనే అరుదు. బీడీ పని ఇంట్లోనే చేస్తారు కాబట్టి ఇల్లే కార్ఖానా కూడా. పైకప్పు కారకపోతే ఆకు తడవదు. అద్దె లేకపోతే కూలి మిగులుతుంది. అందుకే ఇల్లు అనవసరమని ఎవరూ అనలేరు.

కానీ యూరప్ లెక్క మనల్ని తర్వాతి ప్రశ్న అడగమంటుంది. ఆ ఇంట్లో పెరిగే పిల్ల కూడా అదే చేట పట్టుకోవాలా? పట్టుకోకూడదంటే ఇంటితో పాటు బడి, గ్రంథాలయం, బస్సు, నైపుణ్య శిక్షణ రావాలి. ఊరి అంచున ఇల్లు ఇచ్చి, కాలేజీకి బస్సు ఇవ్వకపోతే మొదట ఆగిపోయేది ఆడపిల్ల చదువు.

ఇంకో విషయం. బీడీ కార్మికుల సంక్షేమ నిధి 1976 చట్టంతో వచ్చింది. బీడీల మీద వసూలు చేసే సెస్సుతో అది నడిచేది. 2017లో జీఎస్టీ రాకతో ఆ సెస్సు రద్దయింది. ఇప్పుడు ఆ పథకాలు బడ్జెట్ కేటాయింపు మీద ఆధారపడి ఉన్నాయి. అబ్రుజ్జో కథ మనకు పరాయిది కాదని ఇక్కడే అర్థమవుతుంది. ఆ పథకాల్లో బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఒకటి. 1వ తరగతి నుంచి వృత్తి విద్య దాకా వర్తిస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అమ్మ దగ్గర బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే, మీ టీచర్‌ను ఈ వారమే అడగండి.

సగటు దాచే నిజం

మహారాష్ట్రలోనూ ప్రాంతాల మధ్య తేడాల మీద లెక్కలు జరిగాయి. వి.ఎం. దాండేకర్ అధ్యక్షతన 1983లో వేసిన కమిటీ జిల్లా జిల్లాకూ రోడ్లు, నీటిపారుదల, చదువు వంటి రంగాల్లో వెనకబాటును కొలిచింది. 1994లో మూడు అభివృద్ధి మండళ్లు వచ్చాయి: విదర్భ, మరాఠ్వాడా, మిగతా మహారాష్ట్ర. సోలాపూర్ 'మిగతా'లో పడింది. ముంబై, పుణెలు కూడా అందులోనే ఉన్నాయి.

తరగతిలో ఇద్దరికి 95 మార్కులు, ఒకరికి 20 వస్తే సగటు 70. ఆ 20 వచ్చిన పిల్లవాడి కష్టం సగటులో కనిపించదు. ముంబైతో కలిపి కొలిస్తే సోలాపూర్ కష్టం, సోలాపూర్‌తో కలిపి కొలిస్తే విడీ ఘర్కుల్ కష్టం కనిపించకుండా పోతాయి. ఎంత చిన్న చోటును విడిగా కొలుస్తామన్న దాని మీదే ఎవరికి సాయం అందుతుందన్నది ఆధారపడుతుంది.

తెలుగు చదువు అడ్డమా?

తెలుగులో చదివితే వెనకబడతారని కొందరు తల్లిదండ్రులు భయపడుతున్నారు. ఇటలీ ఉత్తరాన దక్షిణ టిరోల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఎక్కువమంది మాతృభాష జర్మన్. దేశంలో వాళ్లు భాషా అల్పసంఖ్యాకులు. వాళ్ల పిల్లలు జర్మన్ బడుల్లో చదువుతూ, ఇటాలియన్ కూడా తప్పక నేర్చుకుంటారు. ఆ ప్రాంతం ఇటలీలోకెల్లా ధనిక ప్రాంతాల్లో ఒకటి. స్వపరిపాలన, సొంత పన్నుల రాబడి, పర్యాటకం వాళ్లకు కలిసొచ్చాయి. భాష ఒక్కటే సంపద తేలేదు కానీ, ఎదుగుదలకు అడ్డం కూడా రాలేదు.

మన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. మహారాష్ట్ర బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు ప్రచురిస్తోంది. మరాఠీ కూడా తప్పనిసరిగా నేర్చుకుంటున్నాం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పై చదువులో ఇంగ్లిష్: మూడు భాషలూ గట్టిగా వస్తే అదే విడీ ఘర్కుల్ పిల్లల పెట్టుబడి. అందుకు ఖాళీలు లేని టీచర్ పోస్టులు, సమయానికి పుస్తకాలు కావాలి. ఇల్లు అడిగి సాధించిన పేట ఇది. బడికి కావాల్సినవి అడగడం దానికి చేతకాని పని కాదు.

తరగతిలో చేయండి

1. మీ సందులో పది ఇళ్లను ఎంచుకోండి. ప్రతి ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, అక్క ఎంతవరకు చదివారో మూడు వరుసల్లో రాయండి.

2. అక్క ఎక్కడ చదువు మానేసింది? కారణం ఏమిటి? డబ్బా, దూరమా, పెళ్లా, బీడీ పనా? అక్కనే అడిగి రాయండి.

3. మీ ఇంటి నుంచి బడికి, కాలేజీకి, గ్రంథాలయానికి ఎంత దూరమో, బస్సు ఉందో లేదో పటం గీయండి.

4. తరగతి అంతా కలిసి లెక్క తేల్చండి. మన పేటకు ఇప్పుడు అన్నిటికంటే ముందు ఏం కావాలో ఒక్క పేజీలో రాసి, మీ హెడ్‌మాస్టర్‌కు, వార్డు సభ్యులకు ఇవ్వండి.

యూరప్ పరిశోధకులూ ఇలాంటి వరుసలతోనే మొదలుపెట్టారు. మీ పది ఇళ్ల లెక్క ఇంకెవరూ వేయలేదు. మీరే వేయాలి.