పేరులో మిగిలిన బీచి

చెన్నపట్నంలో నేటి రాజాజీ సాలైని మన పెద్దలు ఫస్టు లైన్ బీచి అనేవారు. పక్కనున్న రైలు స్టేషనుకు ఇప్పటికీ బీచి అనే పేరు. తీరా దిగి చూస్తే సముద్రం జాడ లేదు! 19వ శతాబ్దం చివర రేవు కట్టిన పిమ్మట జార్జిటవునుకు కెరటం దూరమయింది. ఆ రేవు అడ్డుపడటం వల్లనే దక్షిణాన ఇసుక మేటవేసి, 1884లో గ్రాంట్ డఫ్ దొర తీర్చిన మెరీనా మరింత వెడల్పయింది.

రేవు వేలమందికి అన్నం పెడుతున్నది. దానిని కదపమని ఎవరూ అనరు. కాని బీచి స్టేషను నుంచి కోట మీదుగా యుద్ధస్మారకం దాకా మూడు కిలోమీటర్లకు మించదు. ఆ దారి పొడుగునా సరైన కాలిబాట, చెట్టునీడ, నాలుగు బెంచీలు, మంచినీళ్లు ఉంటే జార్జిటవును ముసలివారు కూడా సాయంకాలం మెల్లగా నడిచి వెళ్లగలరు గదా!

2022 నవంబరులో మెరీనా ఇసుక మీద చెక్కబాట పరిచారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు దానిమీద నీటి చేరువకు వెళ్లారు. మరుసటి నెల తుపానుకు అది దెబ్బతింటే బాగుచేశారు. ఇసుకలో బాట వేయగలిగినవారికి వీధిలో వేయడం కష్టమా? మన సంఘాలు కార్పొరేషనుకు వ్రాసి అడగవలసిన పని ఇది.