గోదావరికి నాలుగవ హెచ్చరిక

వర్షాకాలము వచ్చెనన్న భద్రాచలవాసుల చూపు గోదావరి నీటిమట్టముపైననే యుండును. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986లో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పొంగినది. నీరెంత యెత్తున వచ్చినదో చెప్పుటకు ప్రభుత్వమువారికి కొలబద్ద గలదు. ఆ నీటిలో నేమి వచ్చినదో చెప్పు కొలబద్ద యేది? నదీజల పరీక్షలు లేకపోలేదు. కాని యవి ప్రధానముగా మురుగును గుర్తించునట్టివి.

మేము చెప్పునది పీఫాస్ అను రసాయనవర్గమును గూర్చి. కర్బనమును ఫ్లోరినును పెనవేసి చేసిన యీ పదార్థములు ఎండకు, వానకు, సూక్ష్మక్రిములకు లొంగవు. అందుచేతనే వీనిని శాశ్వత రసాయనములని లోకము పిలుచుచున్నది. అంటుకొనని పెనములు, తడియని వస్త్రములు, నూనె పీల్చని కాగితపు పళ్లెములు, మంటలనార్పు నురుగు వీనితో జేయబడినవి. చిల్లగింజతో తేర్చినను, పటిక వేసినను ఈ విషము పోదు. కాచినచో నీరు తగ్గి విషము చిక్కబడునేగాని విడువదు. అమెరికా ప్రభుత్వము 2024 ఏప్రిలులో త్రాగునీటియందు వీనిలో ముఖ్యమైన రెంటికి, ఒక్కొక్కదానికి, లక్షకోట్ల పాళ్లకు నాలుగు పాళ్లని హద్దు విధించినది. మన త్రాగునీటికి 2012లో నేర్పడిన ప్రమాణమునందు వీని పేరే లేదు.

ఇక మనవారి చర్యలను పరికింతము. చిరకాలము నిలుచు విషములను గూర్చిన స్టాక్‌హోము ఒడంబడికను భారతదేశము 2006 జనవరిలో ధ్రువపరచినది. అయితే క్రొత్తగా జేర్చిన ప్రతి విషమునకును వేరుగా సమ్మతి తెలిపిననేగాని యది తమ్ము బంధింపదని షరతు పెట్టుకొనినది. మెలిక యంతయు నిచ్చటనే యున్నది. పీఫాసులో నొకటైన పీఎఫ్‌ఓఎస్ 2009లోనే ఆ పట్టిక కెక్కెను. 2018లో మన ప్రభుత్వము ఏడు విషములను నిషేధించుచు నిబంధనలు చేసి, 2020 అక్టోబరులో ఆ యేడింటికి సమ్మతి నిచ్చెను. ఆ యేడింటిలో పీఎఫ్‌ఓఎస్ లేదు! ఆహారపు పొట్లములలో పీఫాసును నిషేధింతుమని ఆహారభద్రతా సంస్థ 2025లో ముసాయిదా వెలువరించినది, సంతోషమే. ముసాయిదాకును శాసనమునకును నడుమ నెన్నియేండ్లు గడచునో!

ఎండోసల్ఫానును దలచుకొనుడు. ఆ పురుగుమందును పత్తిపైరుపై చల్లించిన రైతులు మనలో పెక్కురు గలరు. ఈ దోషమున మనకును పాలున్నది. కేరళలోని కాసరగోడు జీడితోటల ప్రజలు ఏండ్ల తరబడి మొరవెట్టుకొనిన పిమ్మట, 2011 మే 13న సుప్రీముకోర్టు దాని తయారీని, అమ్మకమును ఆపించెను.

మార్పు అసాధ్యమని యనువారు భద్రాచలమున కెదురుగా ఆవలిగట్టుననున్న సారపాక కాగితపు మిల్లును జూడవచ్చును. గుజ్జును తెల్లబరచుటకు క్లోరిను వాయువును వాడినచో డయాక్సినులను దీర్ఘకాలిక విషములు పుట్టును. ఆ మిల్లు 2002లో, దేశమున మొట్టమొదటగా, ఆ పద్ధతిని విడిచి క్లోరిను వాయువు లేని విధానమును చేపట్టినది.

కావున ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పమే. భద్రాచలమునకు ఎగువను దిగువను గోదావరి నీటిని, అడవియంచు కోయపల్లెల బోరునీటిని పీఫాసుకై యేటేట పరీక్షింపవలెను. ఆ ఫలితములను నీటిమట్టము ప్రకటించు చోటనే, తెలుగులో, అంకెలతో వ్రాయింపవలెను. పీఎఫ్‌ఓఎస్‌కు సమ్మతి నెన్నడిత్తురో తేదీతో చెప్పవలెను.