ఇంగ్లీషు ‘రాని’ బుర్రలు

భాష నేర్చుకునే శక్తిలో మనుషుల మధ్య తేడాలున్నాయి. ఈ మాట అనగానే అభ్యుదయ మిత్రుల్లో కొందరు ఉలిక్కిపడతారు. తేడా అంటే పుట్టుక, పుట్టుక అంటే కులం - ఆ వాదన చివరికి ఎక్కడ తేలుతుందో మనకు తెలుసు కనుక ఆ భయం అర్థం చేసుకోదగిందే. కాని భయపడి వాస్తవాన్ని కాదంటే ప్రయోజనం లేదు. ఒకే ఇంట్లో పెరిగి, ఒకే మాస్టారి దగ్గర చదివిన అన్నదమ్ముల్లో ఒకడు ఏడాదిలో ఇంగ్లీషు వాక్యం సొంతంగా కూర్చగలుగుతాడు. మరొకడికి మూడేళ్ళు పడుతుంది. దీన్ని వర్గంతో వివరించలేం. మనం అడగవలసిన ప్రశ్న వేరు: ఈ తేడాను బడి ఏం చేస్తున్నది?

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ కారల్ ముఖ్యుడు. పరభాష నేర్చుకునే సామర్థ్యాన్ని కొలవటానికి ఆయన, స్టాన్లీ సేపన్ కలిసి తయారుచేసిన పరీక్ష 1959లో వెలువడింది. ఆ సామర్థ్యం ఒకే ముద్ద కాదన్నాడు కారల్. కొత్త ధ్వనుల్ని విడదీసి గుర్తుంచుకోవటం, వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తున్నదో పసిగట్టటం, ఉదాహరణల నుంచి సూత్రాన్ని తానే లాగటం, మాటనూ అర్థాన్నీ ముడివేసి జ్ఞాపకం పెట్టుకోవటం - ఇవి నాలుగూ వేరువేరు. ఒకడిలో అన్నీ ఒకే పాళ్ళలో ఉండాలని లేదు.

తరగతి గదిలో ఇది రోజూ కనబడుతుంది. క్రికెట్ వ్యాఖ్యానాన్ని యాసతో సహా అప్పజెప్పే కుర్రాడికి ‘హీ గోస్’లో చివరి ‘ఎస్’ ఎందుకో ఎన్నిసార్లు చెప్పినా అందదు. వెనక బెంచీలో నోరు విప్పని అమ్మాయి మాత్రం ఆ సంగతి తానే కనిపెడుతుంది. తెలుగులో క్రియ తోక చూసి కర్త ఎవరో చెప్పవచ్చు: వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది. ఇంగ్లీషులో ఆ తోకలు చాలావరకు రాలిపోయి ‘ఎస్’ ఒక్కటి మిగిలింది. ఇది పట్టుకున్న పిల్ల భాషాశాస్త్రజ్ఞుడు చేసే పనే చేసింది. కాని ఆ పనికి మన పరీక్షలో మార్కులేవీ? గైడు చూసి బట్టీపట్టినవాడికే అవి దక్కుతాయి. నాలుగు శక్తుల్లో నాలుగోదాన్ని మాత్రమే తూచి, మిగిలిన మూడూ ఉన్నవాళ్ళను ‘బుర్ర లేనివాళ్ళ’ లెక్కలో రాస్తున్నాం.

కారల్ 1963లో చెప్పిన మాట ఇంకా లోతైనది. సామర్థ్యమంటే ఒక పని నేర్చుకోవటానికి ఒక మనిషికి పట్టే కాలం అన్నాడాయన. ఇది చిన్న మాట కాదు. ‘రాదు’ అనే తీర్పు ‘ఇంకా రాలేదు’గా మారిపోతుంది. మరి ఆ కాలం ఎవరికుంది? పత్తితీత రోజుల్లో వారాల తరబడి బడి మానేసే పిల్లకు లేదు. సాయంత్రం ట్యూషనూ, ఇంట్లో ఇంగ్లీషు పత్రికా ఉన్న పిల్లవాడికి బడి ఇచ్చే పీరియడు మీద అదనంగా బోలెడంత ఉంది. ఎక్కువ కాలం కావలసినవారికి తక్కువ, తక్కువ చాలినవారికి ఎక్కువ. వ్యక్తి తేడా మీద వర్గం స్వారీ చేసేది ఇక్కడే.

అసలు ఆ సామర్థ్యమైనా కేవలం పుట్టుకతో వస్తుందా? ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పసిపిల్లలు మాతృభాష నేర్చుకునే తీరును గోర్డన్ వెల్స్ బృందం రికార్డు చేసింది. వాళ్ళలో కొందరు హైస్కూలు వయసుకు వచ్చాక, 1980లలో, పీటర్ స్కీహాన్ వారి పరభాషా సామర్థ్యాన్ని పరీక్షించాడు. పసితనంలో మాతృభాష వికసించిన వేగానికీ, తల్లిదండ్రుల చదువుకూ ఈ సామర్థ్యంతో సంబంధం కనబడింది. అంటే ఇంగ్లీషు ‘బుర్ర’ కొంతవరకు ఇంట్లో, ఇంటి భాషలో తయారవుతున్నదన్నమాట. ఒకటో తరగతి నుంచే తెలుగును పక్కకు నెడితే ఇంగ్లీషు త్వరగా వస్తుందనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఆసక్తి సంగతీ అంతే. పరభాషీయుల జీవితంతో మమేకం కావాలనే కోరిక భాష నేర్చుకోవటంలో ఎంత బలమైనదో కెనడా పరిశోధకులు గార్డ్‌నర్, లాంబర్ట్ 1972లో వచ్చిన తమ గ్రంథంలో వివరించారు. అదే ఏడాది యాస్మీన్ లుక్మానీ బొంబాయిలో మరాఠీ విద్యార్థులను పరిశీలిస్తే లెక్క తిరగబడింది. అక్కడ ఇంగ్లీషు బాగా వచ్చినవారిని నడిపించింది ఉద్యోగం, బతుకుతెరువు. ఇందులో వింత ఏముంది? మన లారీ క్లీనరు హిందీ నేర్చేది కబీరు కోసం కాదు గదా! బడిలో ‘మొద్దు’ అనిపించుకుని బయటపడిన కుర్రాడు నాగపూరు రోడ్డు మీద ఏడాది తిరక్కుండానే హిందీలో బేరమాడుతున్నాడు.

ఇంతవరకూ ఇంగ్లీషు గురించి చెప్పుకున్నాం. తెలుగే రెండో భాష అయిన పిల్లల సంగతి మనలో చాలామందికి తోచదు. ఆదిలాబాద్ కొండల్లోని మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు. గోండీలో వాచకాలు తయారుచేశారు. ఆ సంగతి తెలిసి కూడా, గోండీ ముక్క రాని మాస్టారిని ఒకటో తరగతిలో నిలబెడితే, పిల్లవాడి మౌనం ఆయనకు మందబుద్ధిగానే వినిపిస్తుంది. ఆ పిల్లవాడు కూర్చున్నది పరభాషా తరగతిలో. టైంటేబుల్లో మాత్రం ‘ప్రథమ భాష - తెలుగు’ అని ఉంటుంది.