ఒకే నోరు, రెండు కథనాలు

సాహిత్య విద్యార్థికి సామాజిక పరిశోధన పద్ధతులతో ఏం పని అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నేతగాళ్ల మీద నవల రాయదలచిన రచయితా, బీడీ కార్మిక స్త్రీల పాటల మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థినీ చివరికి చేసే పని ఒకటే. మనిషి ఎదుట కూర్చుని అడుగుతారు, వింటారు, రాసుకుంటారు, రాసుకున్నదానికి అర్థం చెబుతారు. ఎంతమంది, ఎంత శాతం అని లెక్కగట్టేది పరిమాణాత్మక పరిశోధన. ఎలా బతుకుతున్నారు, తమ బతుకును తాము ఏమని చెప్పుకుంటున్నారు అని తెలుసుకోబోయేది గుణాత్మక పరిశోధన. ఈ రెండోదానిలో అడిగే మనిషే పనిముట్టు. పనిముట్టుకున్న వంకర కొలతలోకి కూడా వస్తుంది. మన సిద్ధాంత వ్యాసాల్లో ‘పరిశోధన పద్ధతి’ అన్న అధ్యాయం ఈ వంకర గురించి మాట్లాడటం అరుదు. అది చాలాసార్లు వెనకటి వ్యాసం నుంచి దిగుమతి అయిన అధ్యాయం.

విదేశీ పద్ధతి గ్రంథాల వెల చిన్న ఊరి కాలేజీకి అందేది కాదు. ఆ సాకు ఇప్పుడు కొంత బలహీనపడింది. బెర్లిన్ నుంచి 2000లో మొదలైన ‘ఫోరం: క్వాలిటేటివ్ సోషల్ రీసెర్చ్’ పత్రికను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో బోధించిన గ్రహం గిబ్స్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఇవి పనికొచ్చేవే. కానీ ఈత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈత రాదు. విద్యార్థికి కావలసింది ముడిసరుకు, అంటే ఎవరో ఎవరినో అడిగి రాసుకున్న అసలు సంభాషణలు.

అలాంటి ముడిసరుకు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ ఇంటర్నెట్ భాండారంలో కుప్పగా ఉంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935లో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పించడానికి ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టును పెట్టింది. రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్, జోరా నీల్ హర్‌స్టన్ అందులో పనిచేసినవాళ్లే. ఆ పథకం కింద 1936 నుంచి 1938 వరకు 17 రాష్ట్రాల్లో, ఒకప్పుడు బానిసలుగా బతికిన వృద్ధులను కలిసి 2,300కు పైగా కథనాలు సేకరించారు. అడిగినవాళ్లలో అత్యధికులు తెల్లజాతివాళ్లు.

1937లో దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ పట్టణంలో నూరేళ్ల వయసున్న ఒక ముసలామెను ఇద్దరు వేరువేరుగా కలిశారు. జెస్సీ బట్లర్ అనే తెల్లజాతి స్త్రీ రాసుకున్న ప్రతిలో ఆమె పేరు సూజన్ హామ్లిన్. అగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి యువకుడి ప్రతిలో సూజన్ హామిల్టన్. బట్లర్ ప్రతిలో యజమాని మంచివాడు, బానిసలను బాగా చూసుకున్నవాడు. లాడ్సన్ ప్రతిలో స్త్రీలను ఇంటి కప్పుకు వేలాడదీసి ప్రాణం పోయేదాకా కొట్టడం ఉంది. రాత్రి పెళ్లయిన జంటలో భార్యను తెల్లారేసరికి అమ్మేయడం ఉంది. తల్లినో తమ్ముడినో అమ్ముకుపోతుంటే రాత్రింబవళ్లు వినిపించిన ఏడుపులు ఉన్నాయి.

ఏది నిజం? విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న ఇదే. ఈ ప్రశ్నతో ఆగిపోతే పాఠం వంటబట్టనట్టే. బట్లర్ ప్రతి ఆరంభం చూడండి. ముసలామె తనను సంక్షేమ కార్యాలయం మనిషి అనుకుందనీ, తాను ఆ భ్రమను సరిదిద్దలేదనీ సేకర్తే రాసుకుంది. ఆ కార్యాలయం మూతపడే వరకు ఆమెకు దాని నుంచి సాయం అందేదట. సాయం ఇప్పించగలదనుకున్న తెల్లదొరసాని ముందు ఒక నల్లజాతి వృద్ధురాలు తెల్ల యజమానిని ఏమని చెప్పగలదు? కాబట్టి బట్లర్ ప్రతి పారేయవలసింది కాదు. బానిసత్వం గురించి అది చెప్పేది తక్కువే కావచ్చు. 1937నాటి చార్ల్‌స్టన్‌లో ఎవరు ఎవరికి భయపడేవారో చెప్పడానికి అంతకు మించిన పత్రం దొరకదు. లాడ్సన్ ప్రతినీ గుడ్డిగా మొక్కనక్కరలేదు. తన జాతి కుర్రవాడికి ఏది తెలిసి ఉండాలనుకుందో ఆమె అది చెప్పి ఉంటుంది. నా మటుకు నేను లాడ్సన్ ప్రతినే ఎక్కువ నమ్ముతాను. అబద్ధం చెప్పవలసిన అవసరం అక్కడ తక్కువ.

తరగతిలో దీన్ని ఇలా నడపవచ్చు. సేకర్తల పేర్లు, బట్లర్ ముందుమాట తీసేసి రెండు ప్రతులూ ఇవ్వాలి. వాక్యాల పక్కన విద్యార్థులు తమ మాటల్లో గుర్తులు పెట్టాలి: ‘యజమాని పొగడ్త’, ‘అమ్మకం’, ‘మాట దాటవేత’. కోడింగ్ అంటే ఇదే. మార్జిన్‌లో పెన్సిలు చాలు. కంప్యూటర్ ఉంటే టాగెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ గుర్తులను ఒకచోట చేరుస్తుంది. ఏ గుర్తు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి అదే ఫలితమని రాసే ప్రమాదం మాత్రం అక్కడే మొదలవుతుంది. తర్వాత తీసేసిన ముందుమాట చేతికివ్వాలి. ఎవరి గుర్తులు మారాయో, ఎందుకు మారాయో రాయించాలి.

రచయితలకు ఇందులో మరో పాఠం ఉంది. ఆ ప్రాజెక్టులో నల్లజాతి వ్యవహారాల సంపాదకుడైన కవి స్టెర్లింగ్ బ్రౌన్, ఉచ్చారణను అక్షరాల్లో దించడం కన్నా నుడికారానికి విధేయంగా ఉండటం ముఖ్యమని సూచనలు పంపాడు. చాలామంది పట్టించుకోలేదు. వక్రమైన స్పెల్లింగులు గుప్పించి మనిషిని అమాయకుడిగా చూపారు. మన మాండలిక కథల్లో కొన్నిటికి ఈ జబ్బు లేదని ఎవరైనా అనగలరా? అదే లైబ్రరీలో 1932–1975 మధ్య రికార్డు చేసిన, ఒకప్పటి బానిసల గొంతులు కూడా ఉన్నాయి. గొంతును విని, అచ్చులోని యాసను పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

తెలుగులో ఈ దారి కొత్తదేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీ శక్తి సంఘటన 1986లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత ప్రజల భాండారం, పరి, తెలుగులోనూ ఉచితంగా చదువుకోవచ్చు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి: పరిలోనివి కూర్చి రాసిన కథనాలు, పైన చెప్పినవి సేకర్తల చేతి ప్రతులు.

ఇక భాష అడ్డంకి. ఈ ప్రతులు ఇంగ్లీషులో, అదీ యాస ఇంగ్లీషులో ఉన్నాయి. రెండింటినీ తెలుగు చేయించడమే మొదటి అభ్యాసం కావచ్చు. సూజన్‌ను ఏ జిల్లా తెలుగులో, ఏ కులం ఇంటి తెలుగులో మాట్లాడించాలి, బట్లర్‌ను ‘దొరసానీ’ అనిపించాలా ‘అమ్మా’ అనిపించాలా, లాడ్సన్‌ను ‘అయ్యా’ అనాలా ‘బిడ్డా’ అనాలా అన్న దగ్గరే తరగతి మొదటి రోజు గడిచిపోతుంది.