కుక్క గుండెలో కణితి: గుర్తింపు, చికిత్స

నిన్నటివరకు వాకిట పరుగులు తీసిన కుక్క ఉన్నట్టుండి కూలబడుతుంది. చిగుళ్ళు తెల్లబారతాయి, ఆయాసం వస్తుంది. కొన్ని గంటలకు లేచి మామూలుగా తిరుగుతుంది. ఇంటివారు వడదెబ్బ అనుకొని ఊరుకుంటారు. వయసు మళ్ళిన జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతి కుక్కలలో ఇలా జరిగినప్పుడు గుండెలో కణితి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చరాదు. నాటు కుక్కలకు రాదనీ కాదు.

ఈ కణితులు అరుదు. వాటిలో ఎక్కువగా కనిపించేది రక్తనాళాల కణాలనుండి పుట్టే హిమాంజియోసార్కోమా అనే క్యాన్సర్. సాధారణంగా గుండె కుడి కర్ణికలో పెరుగుతుంది. అది చిట్లితే రక్తం గుండెను కప్పియున్న సంచిలోకి చేరుతుంది. ఆ సంచి త్వరగా సాగదు కనుక గుండె నొక్కుకుపోయి, నిండుగా రక్తం తీసుకొనలేదు. స్రావం ఆగి, చేరిన రక్తాన్ని శరీరం మెల్లగా పీల్చుకొన్నప్పుడు కుక్క తేరుకొన్నట్లు కనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే.

చిగుళ్ళు తెల్లబడడానికి మన ప్రాంతాలలో పిడుదుల జ్వరం, ఎలుకల మందు కూడా కారణాలే. రక్తపరీక్ష అందుకే ముందు. పొట్టలో నీరు చేరితే గుండెజబ్బని మూత్రం ఎక్కువగా పోయే ఇంజెక్షన్ వేయించడం కద్దు. గుండె సంచి నిండియున్నప్పుడు ఆ మందు కీడే చేస్తుంది. ఒంటిలో ద్రవం తగ్గి, అసలే నిండని గుండెకు చేరే రక్తం ఇంకా తగ్గిపోతుంది.

స్టెతస్కోపులో గుండె చప్పుడు దూరంనుండి వచ్చినట్లు మందంగా వినిపించడం, ఎక్స్‌రేలో గుండె బంతివలె కనిపించడం అనుమానానికి ఆధారాలు. కణితిని చూపేది ఎకో స్కానింగ్. పల్లె పశువైద్యశాలలో ఈ పరికరం సాధారణంగా ఉండదు. బెంగళూరు హెబ్బాళలోనో, చెన్నై వేపేరిలోనో ఉన్న పశువైద్య కళాశాల వంటి పెద్ద ఆసుపత్రికి పోవలసివస్తుంది. ఎకో ఏ రోజున చేస్తారో ముందే విచారించుకొని బయలుదేరడం మేలు. పొట్ట స్కానింగ్ కూడా అవసరమే, ప్లీహంలోనూ ఇదే క్యాన్సర్ ఉండవచ్చు.

ప్రాణాపాయంలో మొదటి చికిత్స, పక్కటెముకల సందునుండి సూది పంపి సంచిలోని రక్తాన్ని తీయడం. ఉపశమనం వెంటనే కనిపిస్తుంది, కాని రక్తం మళ్ళీ చేరవచ్చు. హిమాంజియోసార్కోమాలో ఇంతటితో ఆపితే మిగిలేది తరచు రోజులు, వారాలే. శస్త్రచికిత్స, డాక్సోరుబిసిన్ మందు కలిపినా సాధారణంగా కొన్ని నెలలు. ఖర్చుకు ముందు కుటుంబం ఈ మాట వైద్యునినుండి స్పష్టంగా వినాలి. బాధ మితిమీరినప్పుడు నొప్పిలేని మరణం గురించి అడగడం తప్పు కాదు.

అయితే గుండె మొదట్లో, బృహద్ధమని వద్ద పుట్టే కణితి వేరు. అది నెమ్మదిగా పెరుగుతుంది. గుండె సంచిని తొలగిస్తే ఏడాదికి మించి బ్రతికే కుక్కలు అనేకం. కొన్నిటికి కణితే ఉండదు, కారణం తెలియకుండానే సంచిలో రక్తం చేరుతుంది. అటువంటి వాటిలో దాదాపు సగం, ఒకటి రెండుసార్లు తీయడంతోనే కోలుకుంటాయి. స్కానింగ్ చేయించకముందే ఆశ వదులుకొనరాదనడం ఇందుకే.