బుజ్జాయితో ప్రయాణమా... ఎక్కడికి?

రెండేళ్ల బుడతడికి తాజ్‌మహల్ ఒకటే, ఇంటి పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు ఇసుక కుప్ప ఒకటే. నిజం చెప్పాలంటే ఇసుక కుప్పే ఎక్కువ! మరి ఏడాదికోసారి కష్టపడి సంపాదించుకున్న నాలుగు రోజుల సెలవుల్ని, అంతకన్నా కష్టపడి దాచుకున్న డబ్బుని ఎక్కడ ఖర్చు పెట్టాలి?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్నే ఇది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ రాళ్లగుట్టల మధ్యకు ఉద్యోగాలొచ్చాయి. వాటి వెంటే ఊళ్ల నుంచి కొత్త జంటలూ వచ్చాయి. చాలా ఇళ్లల్లో ఇద్దరూ ఉద్యోగస్థులే. పగలు ఆఫీసు, రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్. బిడ్డేమో క్రెష్‌లోనో, ఆయా దగ్గరో. అంటే, ఆ నాలుగు రోజులూ ఆ పసివాడికి అమ్మానాన్నలు వరసగా కళ్లముందు కనిపించే రోజులన్నమాట. వాటిని 'పొద్దున ఆరింటికి బస్సు, పదింటికి కోట, పన్నెండుకి మ్యూజియం' అంటూ పరుగులతో ముగిస్తే పెద్దవాళ్లకి అలసట, పిల్లాడికి జ్వరం.

ఇంకో సంగతి. పెద్దయ్యాక మనకు గుర్తుండే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసువేనంటారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. కాబట్టి 'వాడికి అన్నీ చూపించాలి' అన్న తాపత్రయం ఇప్పట్నుంచే అక్కర్లేదు. చూపించడానికి ముందు ముందు బోలెడు సెలవులున్నాయి. ఈ వయసులో కావలసింది పరిగెత్తడానికి చోటు, ఆడుకోవడానికి నీళ్లు, మట్టి, వేళకి అన్నం... పక్కన మీరు.

ముందు నిద్ర, తర్వాతే ఊరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం కొన్ని సూచనలు చేసింది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి మధ్యాహ్నపు కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలంది. స్నానాలూ తిండ్లూ పేచీలూ తీసేస్తే తిరగడానికి మిగిలేది ఎంత? పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు! ఆ అయిదు గంటల్లో ఇమిడే ఊరే మీ ఊరు. 'రోజుకి ఆరు ప్రదేశాలు' అని ఊరించే ప్యాకేజీ కాగితాన్ని అక్కడికక్కడే మడిచేయొచ్చు. రెండేళ్లలోపు పిల్లలకి అసలు తెర చూపించొద్దని కూడా ఆ సూచనల్లో ఉంది. అంటే, దారి పొడవునా ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టే దూర ప్రయాణం మొదలుపెట్టకపోవడమే మేలు.

కారులో అయితే...

ఏకబిగిన రెండు గంటలు... పసిపిల్లల ఓపికకి అదే ఎక్కువ. ఆ లెక్కన హైటెక్ సిటీ నుంచి మొదట తగిలేది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి. దూరం 80 కిలోమీటర్ల లోపే. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. చెట్ల నీడ, ఎత్తు తక్కువ కొండలు, మరీ ఇబ్బంది పెట్టని మలుపులు. వానలు వెనకబట్టాక సెప్టెంబరు నుంచి జనవరి దాకా హాయిగా ఉంటుంది. బీదర్, నాగార్జునసాగర్ దీనికి రెట్టింపు దూరం. మధ్యలో ఓ గంట ఆగి, ఆ రాత్రి అక్కడే పడుకునేట్లయితేనే బయల్దేరండి. ఒకేరోజు వెళ్లి రావడం పిల్లలకి శిక్షే.

కారులో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మన అలవాటు. గట్టిగా బ్రేకు పడితే ఆ ఒడి ఆపలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకి సీటుబెల్టు లేదా చైల్డ్ సీటు తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అద్దె కారు మాట్లాడుకున్నప్పుడు వెనక సీట్లో బెల్టులు పనిచేస్తున్నాయో లేదో చూసుకునేవాళ్లు ఎందరు? చూసుకోండి.

రైలా, విమానమా?

మా ఓటు రైలుకే! కాళ్లు చాపుకోవచ్చు, కిటికీ ఉంది, నడిచే దారి ఉంది. రాత్రి లింగంపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి కోస్తా జిల్లాల్లో దిగొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకి విడిగా బెర్తు అడక్కపోతే టికెట్ ఉండదు. కాకపోతే కింది బెర్తు దొరకాలి, అదే చిక్కు. 2022 మేలో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తు పక్కనే చంటిబిడ్డకి బుల్లి బెర్తు అమర్చి చూశారు రైల్వే వాళ్లు. అలాంటిది మన రైళ్లన్నిట్లోనూ ఉంటే ఎంత బావుణ్నో!

విమానమైతే రెండేళ్లలోపు పిల్లలు ఒళ్లోనే. దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి. ఆ కాసేపూ పాలు పట్టినా, నీళ్లు తాగించినా ఉపశమనం. జలుబూ చెవిపోటూ ఉంటే డాక్టర్ని అడక్కుండా ఎక్కించొద్దు.

కొండలు... కెరటాలు

విశాఖపట్నం పసిపిల్లలకి బాగా నప్పే ఊరు. తీరం, జూ, పార్కులు అన్నీ ఊళ్లోనే. అయితే ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. కాబట్టి ఆట ఇసుకలోనే, నీళ్లలో కాదు. అరకు వెళ్లాలనుకుంటే ఘాట్ రోడ్డు కంటే సొరంగాల్లోంచి వెళ్లే రైలు నయం. ఒక్కో సొరంగం రాగానే పిల్లలు పెట్టే కేక వినాల్సిందే. బొర్రా గుహల్లో మాత్రం చీకటి, తడి మెట్లు... ఎత్తుకుని దిగడం పెద్దవాళ్లకే కష్టం. ఒకరు బయట పిల్లాడితో ఉండి, వంతులవారీగా చూసి రండి.

ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి అక్కడిదాకా సాధారణంగా ఇబ్బంది ఉండదు, చలిబట్టలు ఉంటే చాలు. మేట్టుపాళయం నుంచి బొమ్మ రైలు మాత్రం దాదాపు అయిదు గంటల ప్రయాణం. కూనూరు నుంచి ఊటీ దాకా ఎక్కితే సరదా తీరిపోతుంది. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్ లాంటివి ఇంకొన్నేళ్లు ఆగొచ్చు. తలనొప్పిగా ఉందనో, ఊపిరాడడం లేదనో చెప్పే మాటలు ఈ వయసుకి రావు కదా.

పడవల విషయంలో మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. పాపికొండలైనా, నాగార్జునకొండ లాంచీ అయినా పిల్లల కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ చేతికిస్తేనే ఎక్కండి. పెద్దవాళ్ల జాకెట్‌లోంచి చంటిపిల్లలు కిందకి జారిపోతారు.

పుట్టువెంట్రుకల మొక్కుంటే

మన ఇళ్లల్లో బిడ్డ మొదటి ప్రయాణం చాలాసార్లు తిరుమలకో, వేములవాడకో. ఏడాదిలోపు పసిబిడ్డలున్న తల్లిదండ్రుల్ని తిరుమలలో సుపథం మార్గం నుంచి దర్శనానికి పంపుతారు. పిల్లల జననధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. ఏడాది దాటితే ఈ వెసులుబాటు ఉండదు కాబట్టి తేదీ చూసుకుని బయల్దేరండి. గుండు చేయించిన రోజున నెత్తికి మెత్తటి టోపీ మర్చిపోవద్దు.

అమ్మమ్మగారి ఊరు

ఈ జాబితాలో ఎవరూ రాయని చోటు ఇదే. దూడ, కోడిపిల్లలు, బోరింగు నీళ్లు, ఎత్తుకోవడానికి పది చేతులు... ఏ రిసార్టులో ఉంటాయివి? పైగా వీడియో కాల్‌లో అరచేతంత తెర మీద కనిపించే తాతయ్యకి మీసాలు గుచ్చుకుంటాయని వాడికి తెలిసేది అక్కడే. పిల్లాణ్ని వాళ్లకొదిలి మీరిద్దరూ ఓ రోజంతా నిద్రపోవచ్చు కూడా! ఇంటి బావికీ, నీళ్ల తొట్టికీ మూతలున్నాయా, దోమతెర ఉందా అని మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అంత సెలవు దొరకలేదా? జూపార్కు 380 ఎకరాలు. సోమవారం తప్ప ఎప్పుడైనా వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్లి, బొమ్మ రైలెక్కి, ఏనుగునీ జిరాఫీనీ చూసి ఎండెక్కేలోపు వచ్చేయండి. మొత్తం తిరగాలని లేదు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్, శిల్పారామం పక్కనే ఉన్నాయి. గోల్కొండ మాత్రం వద్దు. పైదాకా మూడొందలకు పైగా మెట్లు, సగం దారిలోనే 'ఎత్తుకో' అంటారు!

బస చేసే చోటుకి డబ్బు కట్టేముందు ఓసారి ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడగండి. మెత్తటి అన్నం, కారం లేని పప్పు చేసిపెడతారా? బాల్కనీ ఊచల మధ్య సందు ఎంత? ఈతకొలను చుట్టూ కంచె ఉందా? అర్ధరాత్రి జ్వరమొస్తే పిల్లల డాక్టరు ఎంత దూరంలో ఉన్నారు? ఈ నాలుగింటికీ 'మీరు రండి మేడమ్, చూసుకుంటాం' అన్న జవాబే వచ్చిందంటే ఇంకో చోటికి ఫోన్ కలపండి.