తిరిగి వచ్చే డబ్బు ఎంత? మొబైల్ క్యాష్‌బ్యాక్ పథకాల వెనుక లెక్క



ఉక్కు కర్మాగారంలో పనికోసం తరాల కిందట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి ఒక కుటుంబం భాలుబాసాలో ఉందనుకుందాం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొత్త ఫోను పెట్టెలో వచ్చే షరతుల కాగితం మాత్రం ఇంగ్లీషు. ఆ కాగితాన్ని చదివి అమ్మానాన్నలకు చెప్పవలసిన పని సాధారణంగా ఇంట్లో చదువుకుంటున్న పిల్లలదే, అంటే మీదే. అందుకే ఈ పాఠంలో క్యాష్‌బ్యాక్ పథకం ఎలా పనిచేస్తుందో ఒక నిజమైన ఉదాహరణతో పరిశీలిద్దాం.

2017 అక్టోబరులో ఎయిర్‌టెల్, కార్బన్ సంస్థలు కలిసి ఒక 4జీ ఫోనును ప్రకటించాయి. ప్రకటనలో చెప్పిన ‘నికర ధర’ 1,399 రూపాయలు. దుకాణంలో చెల్లించవలసినది మాత్రం 2,899 రూపాయలు. మిగతా 1,500 రూపాయలు తరువాత తిరిగి వస్తాయి: 18 నెలల తరువాత 500, 36 నెలల తరువాత 1,000. ఇందుకు షరతు ఏమిటంటే, నెలకు 169 రూపాయల చొప్పున వరుసగా 36 నెలలు రీఛార్జి చేయించాలి. ఆ ప్లాను వద్దనుకున్నవారికి మరో దారి కూడా ఇచ్చారు. మొదటి 18 నెలల్లో మొత్తం 3,000 రూపాయలు, తరువాతి 18 నెలల్లో మరో 3,000 రూపాయలు రీఛార్జి చేయిస్తే చాలు.

ఇందులో దాచిపెట్టినదేమీ లేదు. అన్నీ చెప్పే అమ్మారు. అయినా 2,899 లోంచి 1,500 తీసివేసి 1,399 అని రాయడం గణితం ప్రకారం సరైన తీసివేత కాదు. ఎందుకో చూడండి.

మొదటిది కాలం. ఈరోజు చేతిలో ఉన్న వెయ్యి రూపాయలు, మూడేళ్ల తరువాత వచ్చే వెయ్యి రూపాయలు ఒకటి కావు. చక్రవడ్డీ పాఠంలో అసలును ముందుకు నడిపిస్తారు కదా, ఇక్కడ వెనక్కి నడిపించాలి. ఏడాదికి 8 శాతం వడ్డీ అనుకుంటే, మూడేళ్ల తరువాతి 1,000 రూపాయలకు నేటి విలువ సుమారు 794. ఏడాదిన్నర తరువాతి 500 రూపాయలకు సుమారు 445. రెండూ కలిపితే 1,239. అంటే షరతులన్నీ తప్పకుండా పాటించిన వారికి కూడా ఫోను ధర 1,399 కాదు, 1,660.

రెండవది సంభావ్యత. ‘వరుసగా 36 నెలలు’ అన్న మాటను మళ్లీ చదవండి. ఒక కుటుంబం ఏ నెలలోనైనా రీఛార్జి తప్పకుండా చేయించే అవకాశం 98 శాతం అనుకుందాం. ఇది కేవలం లెక్క కోసం నేను తీసుకున్న అంకె. చాలా క్రమశిక్షణ గల ఇల్లన్నమాట. అలా 36 నెలలూ తప్పకుండా ఉండే అవకాశం ఎంత? 0.98ని 36 సార్లు గుణించండి. 0.48 వస్తుంది. నూటికి 52 మందికి రెండో విడత చేజారిపోతుంది! మొదటి 18 నెలలు దాటే అవకాశం సుమారు 0.70. ఈ సంభావ్యతలతో పై విలువలను గుణించి కలిపితే, వాగ్దానం చేసిన 1,500 రూపాయలకు నేటి సగటు విలువ 700 రూపాయలు కూడా ఉండదు. ఒక నెల జీతం ఆలస్యమైనా, నాన్నగారు సొంతూరు వెళ్లి రీఛార్జి మరిచిపోయినా, మీరు చదువుకోసం విశాఖపట్నం వెళ్లి నంబరును మరో కంపెనీకి మార్చుకున్నా వరుస తెగుతుంది.

మూడవది నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా కనిపించేది, ‘నెల’ అనే మాట. మన దేశంలో చాలా ప్రీపెయిడ్ ప్లాన్ల గడువు 28 రోజులు. మూడేళ్లంటే 1,095 రోజులు. దాన్ని 28తో భాగిస్తే 39 వస్తుంది, 36 కాదు. సేవ ఆగకుండా ఉండాలంటే మూడు రీఛార్జీలు అదనం. 169 చొప్పున మూడింటికి 507 రూపాయలు. మొదటి విడతగా తిరిగి వచ్చేది 500! ఈ 28 రోజుల నెల మీద వచ్చిన ఫిర్యాదుల తరువాతే, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానైనా అందించాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది.

ఇదే లెక్క చూసుకున్నవారికి రెండో దారి మేలని తెలిసి ఉండేది. 18 నెలల్లో 28 రోజుల గడువులు పంతొమ్మిది పైచిలుకు వస్తాయి. 18 రీఛార్జీలతోనే 3,042 రూపాయలు అవుతుంది. అంటే మధ్యలో ఒకటి తప్పినా మొత్తం నిండుతుంది. షరతుల కాగితంలో మీకు అనుకూలమైన వాక్యం కూడా ఉంటుంది, ప్రకటన బోర్డు మీద అది కనిపించకపోవచ్చు.

డబ్బు ఏ రూపంలో తిరిగి వస్తుందన్నది కూడా అడగాలి. అదే 2017 అక్టోబరులో వోడాఫోన్, మైక్రోమాక్స్ సంస్థలు 2,899 రూపాయల ఫోనును 999 నికర ధరకంటూ ప్రకటించాయి. 18 నెలల తరువాత 900, 36 నెలల తరువాత 1,000 రూపాయలు ఎమ్-పెసా అనే వాలెట్‌లో వేస్తామన్నారు. 36 నెలలంటే 2020 అక్టోబరు. అయితే ఆ వాలెట్ సంస్థ తన అనుమతి పత్రాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్లు రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలోనే ప్రకటించింది. మూడేళ్ల వాగ్దానం చేసేటప్పుడు మూడేళ్లపాటు ఏవేవి ఉండాలో ఆలోచించండి: కంపెనీ, ప్లాను, వాలెట్, మీ నంబరు, బిల్లు కాగితం.

ఈ వ్యాపార పద్ధతి మన దేశంలో పుట్టింది కాదు. 2000ల మధ్యకాలంలో బ్రిటన్‌లో మొబైల్ కాంట్రాక్టులు అమ్మే చిల్లర వర్తకులు ఇటువంటి పథకాలు విరివిగా పెట్టారు. ఫలానా నెల బిల్లును ఫలానా తేదీల మధ్య తపాలాలో పంపితేనే డబ్బు. తేదీ దాటితే లేదు. నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చే కమీషన్ లోంచి కొంత తిరిగి ఇస్తామని వర్తకుడు మాట ఇస్తాడు. కొందరు అడగరన్న నమ్మకంతోనే ఆ మాట ఇస్తాడు. ఇలా అడగకుండా మిగిలిపోయే సొమ్మును వ్యాపార భాషలో ‘బ్రేకేజ్’ అంటారు. లెక్క తప్పి ఎక్కువమంది అడిగితే? కొన్ని దుకాణాలు మూతపడ్డాయి. కాంట్రాక్టు మాత్రం నెట్‌వర్క్ కంపెనీతో కాబట్టి వినియోగదారులు నెలనెలా బిల్లు కడుతూనే ఉండవలసి వచ్చింది. చివరకు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2009 సెప్టెంబరు నుంచి కట్టుబడి తీరవలసిన నియమాలు తెచ్చింది.

మరి మన దగ్గర డబ్బు రాకపోతే ఏం చేయాలి? ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. తృప్తికరమైన జవాబు రాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను పరిష్కరించదు, ఈ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును చూపి టెలిఫోను తగాదాలు వినియోగదారుల న్యాయస్థానాలకు రావని కంపెనీలు వాదిస్తూ ఉండేవి. వస్తాయని 2022 ఫిబ్రవరిలో వోడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. కాబట్టి కంపెనీ కార్యాలయం ఏ మహానగరంలో ఉన్నా, భాలుబాసా కుటుంబం తూర్పు సింగ్‌భూమ్ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ఇంత చిన్న మొత్తాలకు కోర్టు రుసుము కూడా లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు వివరణ కూడా ఆ భాషలోనే, అదే అక్షరాలతో ఉండాలి. హిందీలో పెద్దగా ‘క్యాష్‌బ్యాక్’ అని రాసి, షరతులను కింద ఇంగ్లీషులో చీమతలకాయంత రాయడం నియమవిరుద్ధం. అలాంటి బోర్డు కనిపిస్తే తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి.

కేసు వేయడానికి గడువు, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. 36వ నెలలో రావలసిన డబ్బు రాకపోతే ఆ కారణం అప్పుడే ఏర్పడుతుంది, ఫోను కొన్న రోజున కాదు. అందుచేత కొన్న నాటి బిల్లు, షరతుల కాగితం, రీఛార్జి సందేశాలు అయిదేళ్ల వరకు ఉండాలి. దుకాణం బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద ముద్రిస్తారు. ఆ అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోవచ్చు. కొన్న రోజే దానికి జిరాక్సు తీయించండి.